మూడు కిలోల ఉప్పు

ముసురు, 1వ రోజు

సముద్రం మీది ఏడో దిమ్మ, మందుల గది. రాసేది బేబీ సరోజిని. యాభైనాలుగేళ్ళు వచ్చినా అందరూ నన్ను బేబీ అనే పిలుస్తారు. ఇక మారేది లేదు కాబట్టి దిమ్మ లెక్కలు రాసే ఈ పలకలోనూ అలాగే ఉండనీ.

పొద్దున్నే వాన పట్టుకుంది. కరెంటిచ్చే ఎండపలకలు తుడిచాను, వాననీళ్ళ తొట్టె మూత తీశాను, మందుల చల్లపెట్టెలో ఎన్ని డిగ్రీలుందో చూశాను. నాలుగు. బాగానే ఉంది. పది గంటలకి మెరక నుంచి, అంటే మునగని నేల మీంచి, పడవ వచ్చింది. ఏటా ముసురు మొదట్లో పంపే సూదుల డబ్బా తెచ్చింది. తెరిచి చూస్తే ఒళ్ళు మండింది. పోయినేడు ఆరు సూదులు పంపారు. ఈసారి రెండు.

డబ్బాతోపాటు గోడకి తగిలించుకోమని ఒక రంగుల కాగితం కూడా పంపారు. "మీ దిమ్మలో తొమ్మిదేళ్ళుగా పసిపిల్లల మరణాలు సున్నా. అభినందనలు. అవసరం ఎక్కువున్న దిమ్మలకు ముందుగా పంపుతున్నాం, సహకరించగలరు." సహకరించక చేసేదేముంది? పడవ అప్పటికే వెళ్ళిపోయింది.

ఇది పిల్లికూత జబ్బుకి కాపలా సూది. తొడకి ఒక్కసారి వేస్తే ముసురు దాటేదాకా పసివాళ్ళ ఊపిరితిత్తుల్ని కాస్తుంది. ముందే వెయ్యాలి. జబ్బు పట్టుకున్నాక వేస్తే పనికిరాదు.

లెక్కలో ఉన్న పసిపిల్లలు ఇద్దరే. ఇద్దరూ ఏడేసి కిలోల బొద్దు పిల్లలు, నెలలు నిండి పుట్టినవాళ్ళు. ఒక సూది దాచుకుందామా అని ఒక్క క్షణం అనిపించిన మాట నిజం. ఎందుకంటే పడవ నడిపే గణేసు పెళ్ళాం జలజకి ఏడో నెల. కానీ లెక్కలో ఉన్నవాళ్ళకి వచ్చిన రోజే వేసెయ్యాలని రూలు. వేసేశాను. ఒకడు కోపంతో నా ముక్కు మీద తన్నాడు.

లెక్కలో ఉన్న పసిపిల్లలు: ఇద్దరు. మరణాలు: సున్నా.

ముసురు, 4వ రోజు

జలజకి అన్నం వార్చే వేళకి నొప్పులు మొదలయ్యాయి. ఇంకా రెండు నెలల గడువుంది. చీకటి పడకముందే పుట్టాడు. కిలో ఏడువందల గ్రాములు. నా రెండు అరచేతుల్లో ఇమిడిపోయాడు. ఏడవాలా వద్దా అని కాస్సేపు ఆలోచించుకున్నాడు గానీ, చివరికి ఏడ్చాడు.

జలజ అత్తగారు అచ్చియ్యమ్మ గుమ్మం అవతల నుంచే అడిగింది. నాకు వదిన వరస.

"చుట్టం వచ్చాడా, బేబీ?"

"మనవడు పుట్టాడు వదినా. మనవడు అనవే నోరారా."

"నోర్ముయ్యి. ఉప్పు తూగనీ, అప్పుడంటాను."

ఈ సంగతి మెరకవాళ్ళకి ఇన్నేళ్ళూ ఎవరూ చెప్పలేదు. నేను చెప్తాను. మా దిమ్మ మీద పుట్టిన పిల్ల మొదట చుట్టమే. ప్రతి ఆదివారం ఉప్పు కొట్టంలో తక్కెడకి ఒకవైపు మూడు కిలోల ఉప్పు సంచి పెట్టి, రెండోవైపు పిల్లని పడుకోబెడతారు. పిల్ల వైపు దిగితే అందరూ "ఒకటి" అంటారు, పేరు పెడతారు, నేను పలకలోకి ఎక్కిస్తాను. దిగకపోతే ఇంకా చుట్టమే. చుట్టానికి పేరుండదు, లెక్కుండదు. పోతే "చుట్టం వెళ్ళాడు" అంటారు, అంతే. ఎవరూ ఏడవరు. సముద్రం పైకొచ్చిన తొలి ఏళ్ళలో ఇంటింటా పసివాళ్ళు పోతుంటే, తల్లుల కడుపుకోత చూడలేక ఎవరో పెద్దావిడ పెట్టిన పద్ధతని మా అమ్మ చెప్పేది.

లెక్కలో ఉన్న పసిపిల్లలు: ఇద్దరు. మరణాలు: సున్నా.

ముసురు, 6వ రోజు

గణేసు చేపల బుట్ట దింపి, తడిబట్టలతోనే వచ్చి గుమ్మంలో నిలబడ్డాడు.

"ఎప్పటికి తూగుతాడండీ, బేబత్తా?"

"రెండు నెలలు దాటాలిరా."

"మరి ముసురో?"

"ముసురు మూడు నెలలు."

కడుపులో చివరి రెండు నెలల్లోనే తల్లి తన ఒంట్లోని కాపలాని బిడ్డకి అందిస్తుంది. వీడు ఆ మూట తీసుకోకుండానే బయల్దేరి వచ్చేశాడు. సూది అందరికంటే ఎక్కువ కావలసింది వీడికే.

మెరక కేంద్రానికి రేడియో కలిపాను. అక్కడ ఇందుమతి అనే అమ్మాయి పలుకుతుంది. మర్యాదస్తురాలే.

"పిల్లాడి పేరు చెప్పండమ్మా."

"పేరు లేదు."

"లెక్క నంబరు?"

"అదీ లేదు."

"అయితే పిల్లాడు ఉన్నట్టా, లేనట్టా అమ్మా?"

"ఉన్నాడు తల్లీ, ఏడిపించి వినిపించమంటావా?"

ఆ అమ్మాయి నొచ్చుకుంది. పేరు లేకపోయినా రాసుకుంటానంది. కానీ అదనపు సూదులు మరణాలు ఎక్కువున్న దిమ్మల వరసలోనే వెళ్తాయట. "మీ ముందు నలభై దిమ్మలున్నాయమ్మా. మీది మంచి దిమ్మ కదా, సున్నా కదా" అంది. గోడ మీది రంగుల కాగితం వైపు చూస్తూ రేడియో కట్టేశాను.

మరణాలు: సున్నా.

ముసురు, 9వ రోజు

బడి కొట్టంలో పిల్లలు ముక్కులు చీదుతున్నారు. పెద్ద పిల్లలకి ఇది జలుబు. మూడు రోజుల్లో పోతుంది. చుట్టానికి అలా కాదు.

జలజ గది గుమ్మానికి అడ్డంగా తాడు కట్టాను. దగ్గు, జలుబు ఉన్నవాళ్ళు తాడు దాటొద్దు. లేనివాళ్ళు సబ్బుతో మోచేతులదాకా కడుక్కోవాలి. ముద్దులు లేవు, పొయ్యి పొగ లేదు, చుట్ట పొగ అసలే లేదు. అచ్చియ్యమ్మ వదిన చుట్టని నోట్లోంచి తీసి నీళ్ళలోకి విసిరేసి, "నా ఇంట్లో నాకే తాడా, నీ తాడు తెగ!" అంది. కానీ మోచేతులదాకా కడుక్కుంది. మూడుసార్లు.

లోపల జలజ పాలు పిండి చెంచాతో పడుతోంది. నన్ను చూసి చెంచా ఆపింది.

"మనసులో పేరు పెట్టుకుంటే తప్పా అత్తా? పైకి అనకుండా?"

తప్పు కాదన్నాను.

మరణాలు: సున్నా.

ముసురు, 11వ రోజు

రోజూ ఆ మాట రాసి రాసి ఇవాళ నా చెయ్యి ఆగిపోయింది.

తొమ్మిదేళ్ళుగా ఈ పలక నా చేతిలోనే ఉంది. ఈ తొమ్మిదేళ్ళలో ఐదుగురు చుట్టాలు నా చేతుల్లోనే వెళ్ళారు. నలుగురికి పిల్లికూతే. వాళ్ళకి స్నానం చేయించింది నేను, గుడ్డలో చుట్టింది నేను, ఇంటికొచ్చి చేతులు కడుక్కుని "సున్నా" అని రాసింది కూడా నేనే. నేను అబద్ధం ఆడుతున్నానని ఒక్కనాడూ అనుకోలేదు. లెక్కలో లేనివాళ్ళు లెక్కలోంచి ఎలా పోతారు? ఆ సున్నా చూసి మురిసిపోయాను కూడా. పక్క దిమ్మ నర్సు దగ్గర గొప్పలు పోయాను. సిగ్గు లేని దాన్ని.

మనం ఏడవకుండా ఉండడానికి చేసుకున్న ఏర్పాటు వల్ల, మనకి ఏడుపే లేదనుకుని మెరకవాళ్ళు సూదులు తగ్గించారు.

ఇందుమతికి రేడియో కలిపి ఉన్నదున్నట్టు చెప్పేశాను. ఆ అమ్మాయి మెల్లగా అంది.

"రాసుకుంటానమ్మా. కానీ మీ మాట మీద రాయలేను. ఎన్నేళ్ళ కిందటివైనా సరే, కన్నతల్లి తన నోటితో చెప్పాలి. అలా ఓ పది మందైనా తేలితే మీ దిమ్మ ముందుకొస్తుంది."

"సరే, మొదటిది రాసుకో. తల్లి పేరు బేబీ సరోజిని. ఇరవైతొమ్మిదేళ్ళ కిందట. ఆడపిల్ల. కిలో తొమ్మిదివందలు. పదహారు రోజులుంది."

గొంతు నిలబడింది. రేడియో కట్టేశాక నిలబడలేదు. ఇరవైతొమ్మిదేళ్ళ బాకీ ఏడుపు, కూర్చుని తీర్చుకున్నాను. మా ఆయన బతికుంటే బెంబేలెత్తిపోయేవాడు.

ముసురు, 13వ రోజు

రెండు రోజులుగా ఇంటింటికీ తిరుగుతున్నాను. ఇరవైతొమ్మిది ఇళ్ళు. వెళ్ళిన చుట్టాల ఊసెత్తితే ఉన్న చుట్టం వాళ్ళ వెంట వెళ్ళిపోతాడని మావాళ్ళ భయం. ఒకావిడ నా మాట వినగానే చేట పట్టుకుని బియ్యం చెరగడం మొదలుపెట్టింది. ఆ చేటలో ఒక్క గింజ లేదు. ఇంకొకామె కిటికీలోంచి రెండు వేళ్ళు చూపించి తలుపేసుకుంది.

వలలు అల్లే రూపవతికి ఎనిమిదో నెల. గుమ్మంలోనే ఆపేసింది.

"నా కడుపు చూసి కూడా ఆ మాట అడుగుతున్నారా పిన్నీ? మీకు దణ్ణం పెడతాను, ఎల్లండి."

"నీ కడుపు చూసే అడుగుతున్నానే."

"ఎల్లండన్నానా!"

తలుపు పడింది. కొన్ని ఇళ్ళల్లో పిల్లలు దగ్గుతున్నారు. మూతికి గుడ్డ కట్టుకునే తిరిగాను. సాయంత్రం చీర మార్చుకుని, కడుక్కుని జలజ దగ్గరికి వెళ్ళాను. చుట్టం కిలో ఏడువందల అరవై.

ముసురు, 15వ రోజు

మధ్యాహ్నం రేడియో ముందు కూర్చుని, నా గొంతు తప్ప ఇంకొకటి లేని నా జాబితా చూసుకుంటున్నాను. అచ్చియ్యమ్మ వదిన వచ్చి ఎదురుగా బల్ల మీద కూర్చుంది. ఈ దిమ్మ మీద ఉప్పు సంచి కట్టేది, తక్కెడ పట్టేది, "ఒకటి" అని మొదట అనేది ఆవిడే.

"ఆ పిల్లతో ఎలా మాట్లాడాలే?"

మీట నొక్కి చూపించాను. వదిన రేడియోకి బాగా దగ్గరగా వంగింది, చెవిటివాళ్ళతో మాట్లాడినట్టు అరిచింది.

"ఏమ్మా, ఇనపడతందా? నా పేరు అచ్చియ్యమ్మండి. ముగ్గురండి. ఇద్దరు మగపిల్లలు, ఓ ఆడపిల్ల. ఆ తర్వాతే గణేసు. ఆయ్, ముగ్గురండి. మూడోదానికి నవ్వడం కూడా వచ్చిందండి."

ఇందుమతి ఏదో అడిగింది గానీ వదినకి వినపడలేదు. లేచి గుమ్మం దాకా వెళ్ళి, బయటికి కేకేసింది.

"రండే! నా నోరే పడిపోలేదు, మీ నోళ్ళకేమొచ్చింది?"

వాళ్ళంతా వసారాలోనే నిలబడి ఉన్నారని నాకప్పుడు తెలిసింది. ఒక్కొక్కరే వచ్చారు. కొందరు ఒక్క మాట చెప్పి వెళ్ళారు. కొందరు పావుగంట చెప్పారు. ఒకావిడ పిల్ల చెవి దగ్గర పుట్టుమచ్చ ఎటువైపుండేదో గుర్తు రాక, అది గుర్తొచ్చేదాకా మీట వదల్లేదు. సాయంత్రానికి పద్నాలుగు మంది పిల్లలు తేలారు. ఇందుమతి గొంతు బొంగురుపోయింది. తొమ్మిది సూదులు రేపే సిద్ధం చేస్తామంది. కేంద్రం పడవ ఇప్పట్లో రాదు, మనమే వెళ్ళి తెచ్చుకోవాలంది.

ముసురు, 16వ రోజు

తెల్లవారగానే గణేసు చల్లపెట్టె పడవలో కట్టుకుని బయల్దేరాడు. వెళ్ళడానికి రెండు రోజులు, రావడానికి రెండు. తాడు దగ్గర నిలబడి కొడుకుని చూశాడు. లోపలికి రమ్మంటే, "చేపల చేతులండి, వచ్చాక ఎత్తుకుంటాలెండి" అన్నాడు.

ముసురు, 20వ రోజు

గాలి ఎక్కువగా ఉంది. పడవ రాలేదు. ఐదో దిమ్మ దగ్గర ఆగిపోయాడని రేడియోలో కబురు.

పొద్దున్న చుట్టం ముక్కు కారింది.

పాలు సగానికి సగం తాగాడు. బయటికొచ్చి తాడు పట్టుకుని నిలబడ్డాను. తాడు లోపలికి వెళ్ళింది ముగ్గురం. జలజ కదల్లేదు. వదిన ఆ గది, రేడియో గది తప్ప ఎక్కడికీ పోలేదు. దగ్గు ఉన్న ఇళ్ళన్నీ తిరిగి వచ్చింది నేనొక్కదాన్నే. మూతికి గుడ్డ కట్టుకున్నాను, చీర మార్చాను, కడుక్కున్నాను. అయినా నేనేనేమో. రేడియో దగ్గరికి వచ్చిన వాళ్ళలో ఎవరో వదినకి అంటించారేమో. ఎప్పటికీ తెలియదు. సూది కోసం తిరిగిన తిరుగుడే వాడి మీదికి తెచ్చిందేమో అన్న ఆలోచన నన్ను వదలదు. వదలకూడదు కూడా.

ముసురు, 22వ రోజు

నిమిషానికి డెబ్భైనాలుగు శ్వాసలు. పక్కటెముకల మధ్య చర్మం లోపలికి పోతోంది. ఛాతీలో పిల్లికూతలు. మధ్యమధ్య ఊపిరి ఆపేస్తున్నాడు, అరికాలు మీద తడితే మళ్ళీ తీస్తున్నాడు. మందుల గదికి మార్చి, ఇక్కడి గుమ్మానికీ తాడు కట్టి, ప్రాణవాయువు యంత్రం పెట్టాను. ఎండ లేక ఎండపలకలు పని చేయడం లేదు. నా బ్యాటరీ రెండు గంటలకి మించి రాదు.

చెప్పకుండానే జనం వచ్చారు. ఇరవైతొమ్మిది ఇళ్ళ వాళ్ళూ తమ దీపాల బ్యాటరీలు పీకి తెచ్చి తాడు ఇవతల వరసగా పెట్టి వెళ్ళారు. రూపవతి కడుపు పట్టుకుని వచ్చి తనదీ పెట్టింది. నా మొహం చూడలేదు.

మెరక ఆసుపత్రికి తీసుకెళ్ళాలంటే ఈ గాలిలో పడవ ఎవరూ దించలేరు. నలుగురు ప్రయత్నించారు. దిమ్మ మెట్ల దగ్గరే తిరగబడింది.

ముసురు, 23వ రోజు, ఆదివారం

పొద్దున్న జలజ కళ్ళు తుడుచుకుని, గట్టిగానే అంది.

"తక్కెడ ఇక్కడికి తెండి."

"ఇప్పుడెందుకే అమ్మా?" అంది వదిన.

"ఇవాళ ఆదివారం కాదా?"

వదిన వెళ్ళి తక్కెడ, ఉప్పు సంచి తనే మోసుకొచ్చింది. జనం వసారాలో, వానలో నిలబడ్డారు. ముక్కుకి గొట్టం ఉండగానే పిల్లాణ్ణి మెత్తటి గుడ్డతో పళ్ళెంలో పడుకోబెట్టాం. ఉప్పు వైపు ధన్‌మని దిగింది. పిల్లాడు గాల్లోకి లేచాడు.

జలజ సంచి మూతి విప్పింది. గుప్పెడు ఉప్పు తీసి కింద పోసింది. ఇంకో గుప్పెడు. వదిన చెయ్యి ఎత్తింది, వద్దంటుందనుకున్నాను. ఎత్తిన చెయ్యితో కొంగు నోట్లో కుక్కుకుంది. గుప్పెడు తర్వాత గుప్పెడు, యంత్రం చప్పుడొక్కటే. చివరికి చిటికెలతో తీసింది. పళ్ళేలు రెండూ ఒక్క ఎత్తుకి వచ్చాయి. ఇంకొక్క చిటికెడు తీసింది. పిల్లాడి వైపు దిగింది.

"ఒకటి" అంది జలజ.

"ఒకటి" అంది వదిన. తర్వాత వసారా అంతా అంది. వానలో నిలబడ్డవాళ్ళూ అన్నారు.

పేరు తాతారావు. పోయిన మామగారి పేరు. రెండు వారాలుగా మనసులో అదే పేరుతో పిలుచుకుంటున్నానని జలజ చెప్పింది. బరువు కిలో ఎనిమిదివందల యాభై.

లెక్కలో ఉన్న పసిపిల్లలు: ముగ్గురు.

ముసురు, 24వ రోజు

తాతారావు పొద్దున్న తొమ్మిదింటికి తల్లి ఒళ్ళో పోయాడు. ఇంకా బ్యాటరీలు మిగిలే ఉన్నాయి.

మధ్యాహ్నం రెండింటికి గణేసు పడవ మెట్లకి తగిలింది. చల్లపెట్టె గుండెకి కరుచుకుని పరుగెత్తుకొచ్చాడు. "నాలుగు డిగ్రీలే ఉందండి అత్తా, ఓసారి కూడా మూత తియ్యలేదండి" అంటూ వచ్చాడు. మా మొహాలు చూశాక పెట్టె జాగ్రత్తగా కింద పెట్టాడు. చేతులు మోచేతులదాకా కడుక్కున్నాడు. అప్పుడు కొడుకుని ఎత్తుకున్నాడు.

చుట్టానికి మావాళ్ళు ఏడవరు. తాతారావుకి ఏడ్చారు. దిమ్మ దిమ్మంతా ఏడ్చింది. అచ్చియ్యమ్మ వదిన నలుగురి పేరునా ఏడ్చింది. మిగతా ముగ్గురికీ పేర్లు అప్పటికప్పుడు పెట్టుకుంది.

జలజ నన్ను అడిగింది. "రాసేవా అత్తా?"

"రాస్తున్నానమ్మా."

"నేను చూస్తుండగా రాయి."

తను చూస్తుండగా రాశాను. మరణాలు: ఒకటి.

ముసురు, 31వ రోజు

రూపవతి నిన్న ప్రసవించింది. ఆడపిల్ల. రెండు కిలోల నాలుగువందలు. మూడు వారాల ముందే వచ్చింది.

ఆదివారం దాకా ఆగలేదు. తక్కెడ ఇవాళే తెప్పించారు. జలజ కూడా వచ్చి గోడవారన నిలబడింది. పాల తడికి రవిక ముందంతా నానిపోయింది, పాపం. పాపని పడుకోబెట్టగానే పళ్ళెం ధన్‌మని దిగింది. ఆ రోజు జలజ తీసిన ఉప్పు ఎవరూ సంచిలో తిరిగి పోయలేదు.

"ఒకటి" అన్నారు. అక్కడికక్కడే తొడకి సూది వేశాను. రూపవతి నా చెయ్యి పట్టుకుని వదల్లేదు.

అందరూ వెళ్ళాక అచ్చియ్యమ్మ వదిన బొగ్గు ముక్క తెచ్చి, సంచి మీద "మూడు కిలోలు" అని ఉన్నదాన్ని కొట్టేసింది. కింద ఏమని రాయాలో నన్ను అడిగింది.

కిలో ఎనిమిదివందల యాభై అని చెప్పాను.